ధ్వనికి దూత: బఫరు అను చిన్న వలయము కథ



ఊట తక్కువగల బావికి పెద్ద ఇంజను తగిలించినచో ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. గడియ గడువకముందే బావి అడుగు కనబడును. ఇంజను గాలి పీల్చి బొబ్బలిడును. మడిలోనికి మాత్రము నీరు చేరదు. లోపము బావిదా? కాదు, దాని ఊటకు తగినట్లు తోడుకొన్నచో అది ఏడాది పొడుగునను నీరిచ్చెడిదే. ఇంజనుదా? అదియు కాదు. ఇచ్చువాని శక్తికి మించి పుచ్చుకొనువాడు గుంజుచున్నాడు, అంతే. విద్యుత్తుతో ధ్వనిని మోయు యంత్రములలో తొలినాటినుండియు ఈ చిక్కు కలదు. దానిని విడదీసిన చిన్న వలయమునకు బఫరు అని పేరు. దాని చరిత్రను, నేనొకదానిని స్వయముగా కట్టబోయి పడిన పాట్లను నేడు మనవి చేసెదను. తెలుగు పండితునకు ఈ తీగల గొడవ ఏల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆ కారణమును గూడ చెప్పెదను.

ముందుగా ఆ వలయము చేయు పనిని తెలిసికొందము. ఊట తక్కువ బావి ప్రక్కను పెద్ద తొట్టి యొకటి యున్నదనుకొనుడు. ఆ తొట్టికి నీరు బావినుండి కాక, నిండుగా పారు కాలువనుండి తూము ద్వారా వచ్చును. తూము కడ నొక మనిషి నిలిచి, బావిలో వ్రేలాడదీసిన బెండును చూచుచుండును. బావిలో మట్టము బెత్తెడు పెరిగినచో తూమెత్తి తొట్టిలో బెత్తెడు పెంచును, తగ్గినచో తగ్గించును. ఇప్పుడు ఇంజనును తొట్టికి తగిలించితిమి. ఇంజను ఎంత గుంజినను బావికి బాధలేదు, ఏలయన బావినుండి ఎవరును తోడుట లేదు, దాని మట్టమును చూచుచున్నారంతే. తొట్టి మట్టము బావి మట్టమును ఛాయవలె అనుసరించును. నీరు పెరిగినదా? మట్టము పెరుగలేదు, బలము పెరిగినది. బఫరు ధర్మము సరిగా ఇదియే. అది ధ్వనిని పెద్దది చేయదు. లోనికి వచ్చినది నూరు పాళ్లయినచో వెలుపలికి పోవునది తొంబదితొమ్మిది పాళ్లుండును, ఒక పాలు తరుగే. కాని వెలుపలికి పోవుదానికి వెనుక బ్యాటరీ బలము నిలిచియుండును. రాయబారమునకు పోయిన ఉత్తమ దూత స్వామి మాటకు తనదొక మాట కలుపడు, స్వామి మాటలో నొకటి విడువడు. నదులను కొండలను దాటునది మాత్రము తన కాళ్లతోనే. అట్టిదే ఇది.

ఇట్టి దూతను మొదట కల్పించినవారు ట్రాన్సిస్టరు వాడినవారు కారు, గాజుబుడ్డి వాల్వులు వాడినవారు. 1904 లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు మొనల వాల్వును చేసెను. 1906 లో అమెరికాలో లీ డి ఫారెస్టు దానిలో మూడవదిగా నొక తీగ జాలిని చేర్చెను. ఆ జాలియే తూము పలక. చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును నడపుట అప్పటినుండి సాధ్యమయ్యెను. అటుపిమ్మట అందరి చూపును ధ్వనిని పెంచుటమీదనే నిలిచెను. పదింతలు, నూరింతలు, వేయింతలు! పెంచని యంత్రముతో పని యేమని తలచిన కాలమది.

ఆ తలపును దాటి చూచినవారిలో అలన్ బ్లమ్‌లైన్ ముఖ్యుడు. 1903 లో లండనున జన్మించిన ఈ ఇంజనీరు ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేయుచు 1934 లో నొక పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. వాల్వు వెలుపలిమాటను మామూలుగా తీయు మొననుండి కాక, కాథోడు అను మొననుండి తీయుట అందలి విశేషము. అట్లు తీసినచో ధ్వని పెరుగదు. కాని లోనికి తీసికొనునది అత్యల్పము, వెలుపలికి ఇచ్చుబలము అధికము. కాథోడు లోపలిమాటను అనుసరించి పోవును గనుక దీనికి కాథోడు ఫాలోయరు, అనగా అనుచరి, యను పేరు స్థిరపడినది. దూరదర్శన యంత్రములను నిర్మించుచుండిన ఆ దినములలో ఇట్టి అనుచరుల యవసరము అడుగడుగునను కనబడుచుండెను. కెమేరా ఇచ్చునది అత్యల్పము. దానిని పొడుగాటి కేబులుగుండ మోయవలెను.

బ్లమ్‌లైన్ ముప్పదియెనిమిదేండ్లు మాత్రమే జీవించెను. 1942 జూను 7 వ తేది, యుద్ధవిమానములకు చీకటిలోను మబ్బులోను నేలను చూపు రాడారును పరీక్షించుచు పోవుచుండిన హాలిఫాక్సు విమానము ఇంగ్లండు పడమటి సీమలో కూలిపోయెను. అందున్న పదునొకండుగురును మడిసిరి. ఆ రాడారు రహస్యము వెలువడకుండుటకై ఆయన మరణవార్తను సయితము ఆనాడు పత్రికలకు తెలియనీయలేదు. రెండు చెవులకు వేరువేరుగా వినిపించు స్టీరియో ధ్వనికి సయితము 1931 లోనే పేటెంటు కోరినవాడతడు. ఆయన పేరును మన పాఠ్యపుస్తకములలో నేనెన్నడును చూడలేదు. ఇది నాకు వెలితిగా తోచును.

ఇక ట్రాన్సిస్టరు సంగతి. మన దేశమున ఆచార్య జగదీశచంద్ర బోసుగారు గెలీనా అను సీసపు ఖనిజముతో విద్యుత్తరంగములను పట్టు సాధనమును చేసి, 1901 లో దరఖాస్తు పెట్టి 1904 లో అమెరికాలో పేటెంటు పొందిరి. ఘనపదార్థపు ముక్క కూడ వాల్వు చేయు పనులలో కొన్నింటిని చేయగలదని దానివలన తెలిసినది. కాని అట్టి ముక్కతో ధ్వనిని పెంచుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టెను.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అనువారు ఆ పని సాధించిన విధము వినదగినది. సాధించుట యంటినే గాని, అందు సగము పొరపాట్ల కథయే. 1947 నవంబరులో బ్రాటెయిన్ పరీక్షించుచున్న సిలికాను ముక్కపై నీటి చెమ్మ పేరుకొని కొలతలు చెడిపోవుచుండెను. చెమ్మను పోగొట్టుటకు శ్రమపడవలసివచ్చునని, ఆయన సాధనమునంతటిని ఏకముగా ద్రవములోనే ముంచి చూచెను. వెదకుచున్న ఫలితము అంతకుముందు కంటె స్పష్టముగా కనబడెను! డిసెంబరులో మరియొకటి జరిగెను. జర్మేనియము ముక్కమీద సన్నని ఆక్సైడు పొర పెట్టి, దానిపై బంగారుచుక్కను నిలిపిరి. పొర ఉన్నదనుకొని పరీక్షించుచుండగా, కడుగునపుడు అది కాస్త కొట్టుకొనిపోయినదని బ్రాటెయిన్ కనుగొనెను. మరియొకడైనచో ముక్కను పారవేసియుండును. ఆయన పారవేయక, చెడినదేదో చెడినది, ఇప్పుడేమి కనబడునో చూతమని కొలిచెను. బంగారము నేరుగా జర్మేనియమును తాకుటచేతనే క్రొత్త ఫలమొకటి బయటపడెను. ట్రాన్సిస్టరునకు దారి అదే.

డిసెంబరు 16 న పనిచేసిన ఆ మొదటి సాధనము ఎట్లుండెననుకొన్నారు? ప్లాస్టికు త్రిభుజము నొకదానిని తీసికొని, అంచునకు బంగారురేకు అంటించి, మొనకడ ఆ రేకును బ్లేడుతో చీల్చి, ఆ చీలిక జర్మేనియమునకు తాకునట్లు స్ప్రింగుతో నొక్కిపెట్టిరి. చీలిక వెడల్పు వెంట్రుక మందము. దాని ఛాయాచిత్రమును చూచినవారు బడిపిల్లవాడు చేసిన బొమ్మ యనుకొందురు. డిసెంబరు 23 న పెద్దలయెదుట దానిగుండ మాటలాడి వినిపించిరి. 1948 జూను 30 న న్యూయార్కులో లోకమునకు ప్రకటించిరి. మరునాడు న్యూయార్కు టైమ్సు పత్రిక ఆ వార్తను 46 వ పుటలో, రేడియో కబుర్ల నడుమ వేసినది! ఆ సంవత్సరమే డిసెంబరు 1 న మన విజయవాడ రేడియో కేంద్రము మొదలైనది. నాడక్కడి యంత్రములన్నియు వాల్వులవే యని వేరుగ చెప్పనేల.

ట్రాన్సిస్టరు అను పేరు పెట్టినవాడు అదే ప్రయోగశాలలోని జాన్ పియర్సు. ఆ పేరులోనే నొక విశేషము కలదు. మొదటి ట్రాన్సిస్టరును వాడిన పద్ధతిలో లోపలివైపు నిరోధము తక్కువ, వెలుపలివైపు ఎక్కువ. ఒక నిరోధమునుండి మరియొక నిరోధమునకు దాటించునది యనియే దాని పేరునకు అర్థము. అనగా పుచ్చుకొనునపుడు ఎక్కువగా గుంజును, ఇచ్చునపుడు బలహీనముగా ఇచ్చును. మన దూతకు ఇది సరిగా విరుద్ధము! మూడు కాళ్లను వేరువిధముగా కట్టి, మాటను ఎమిటరు అను కాలినుండి తీసినచో గుణము తలక్రిందులగును. అపుడది బ్లమ్‌లైన్ అనుచరివంటిదే యగును. దానినే ఎమిటరు ఫాలోయరు అందురు. వస్తువొక్కటే, కట్టుబడినిబట్టి గుణము మారును. సమాసములో పదముల క్రమము మార్చిన అర్థము మారుట యెరిగిన నాకు ఇది వింతగా తోచలేదు.

విలియం షాక్లీ 1948 జనవరిలో ఊహించి, 1951 నాటికి లోకమునకు చూపిన పొరల ట్రాన్సిస్టరు వచ్చిన తరువాతనే ఈ వస్తువు బజారున కెక్కినది. ఆ మువ్వురకు 1956 లో నోబెలు బహుమానము వచ్చెను. మొట్టమొదట దీనివలన మేలు పొందినవారిలో చెవిటివారు ముఖ్యులు. 1952 చివరినుండి వినికిడి యంత్రములలో ట్రాన్సిస్టరు చేరినది. టెలిఫోను కనుగొన్న గ్రాహంబెల్ చెవిటివారికి గురువు. ఆయన స్మృతికై బెల్ సంస్థవారు వినికిడి యంత్రములు చేయువారివద్ద ట్రాన్సిస్టరు రుసుమును పుచ్చుకొనలేదు. 1953 లో రేథియన్ సంస్థవారు సి.కె. 722 అను ట్రాన్సిస్టరును సామాన్యులకు అమ్మజూపిరి. వెల ఏడు డాలర్ల అరువది సెంట్లు. నాటినుండి ఇంటిలో కూర్చుండి వలయములు కట్టు పిల్లలకు ట్రాన్సిస్టరు చేజిక్కినది. మన దేశమున 1954 లో స్థాపితమైన బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ తరువాతి దశకమున ట్రాన్సిస్టరులు చేయసాగెను. అంతకు చాల ముందే, 1924 లో, చెన్నపట్టణమున సి.వి. కృష్ణస్వామి చెట్టిగారు రేడియో క్లబ్బు పెట్టి, తాము కూర్చిన యంత్రముతో జూలై 31 నుండి ప్రసారములు చేయించిరి. ధనము చాలక 1927 లో ఆ క్లబ్బు మూతపడెను గాని, ఇంటిలో యంత్రము కట్టు వేడుక మనకు అప్పటినుండియు కలదు.

ఇక నా సంగతి. 1984 లో నేను గోదావరి లంకలలోని నొక పల్లెబడిలో తెలుగు పండితుడను. నాకు చిన్ననాడు అమరము, రఘువంశము చెప్పిన గురువుగారు ఆ ప్రక్క ఊరనే మంచమున పడియుండిరి. భాగవత పద్యములను వారు చదువు ఫణితి వారి గురుపరంపరనుండి వచ్చినది. శిష్యులలో నొక్కరమును దానిని పూర్తిగా పట్టుకొనలేకపోతిమి. వైద్యుడు దినములే గాని నెలలు చెప్పలేదు. వారి గొంతును టేపుమీద పట్టవలెనని నాకు పట్టుదల పుట్టినది.

బడిలో నొక టేపురికార్డరు, స్ఫటికపు మైకు నొకటి యుండెను. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880 లో ఫ్రాన్సున క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ మైకు ఆ జాతిది. మాట తగిలి స్ఫటికము వంగగా పుట్టు విద్యుత్తు ఎంతయో అల్పము. ఆ ఇంట కరెంటు వీధివసారాలో మాత్రమే కలదు. గురువుగారు పెరటిగదిలో పరుండిరి. నడుమ పదునైదు మీటర్ల తీగ లాగితిమి. మొదటి సాయంకాలము పట్టిన టేపును వినిపింపగా గురువుగారు చిరునవ్వు నవ్వి, "ఏమిరా, నా గొంతును దోమగొంతు చేశావే!" అనిరి. నిజమే. గాంభీర్యమంతయు పోయి సన్నని కీచు మిగిలెను.

మా బడి సైన్సు మేష్టారు విని, "పంతులుగారూ, ఊట తక్కువ బావికి ఇంజను పెట్టారు" అనిరి. ఆ ఉపమానము వారిదే. రికార్డరు లోపలి నిరోధము నలుబదియేడు వేల ఓములు. స్ఫటికమునకు అది పెనుభారము. అందును మంద్రస్వరములే ముందుగా హరించిపోవును. నడుమ ఎమిటరు ఫాలోయరు పెట్టుదమని నిశ్చయించి, పట్నమున రేడియోలు బాగుచేయు నతనివద్ద లోహపు టోపీగల ట్రాన్సిస్టరు నొకటి, రెసిస్టరులు, కెపాసిటరులు తెచ్చితిమి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టితిమి. రాత్రి రెండు గంటలవరకు టంకము వేసితిమి.

ఉదయమున చూడగా గొంతు మునుపటికంటెను కృశించినది! వలయము చచ్చినదియు కాదు, బ్రతికినదియు కాదు. సైన్సు మేష్టారు తొందరపడక మీటరు తెచ్చి, బేసు కాలివద్ద కొలిచిరి. రెండు సమానమైన రెసిస్టరుల నడుమ నుండుటచే అక్కడ నాలుగున్నర వోల్టుల చేరువలో నుండవలెను; ఎమిటరువద్ద దానికంటె ఆరు పదులవంతులు తక్కువ యుండవలెను. ఉన్నది అందు సగమే. "ఎవరో దారిలో తాగేస్తున్నారు" అనిరి. వెదకగా తప్పు దొరికినది. మా పుస్తకములోని పటము ట్రాన్సిస్టరును క్రిందినుండి చూచినట్లు గీచినది. మేము పైనుండి చూచినట్లు పెట్టితిమి. ఎమిటరు, కలెక్టరు తారుమారైనవి. పటము క్రింద ఆ మాట చిన్న అక్షరములలో నున్నది. వ్యాఖ్యానము చదువక శ్లోకము నన్వయించిన శిష్యులను నేనెందరినో దండించితిని. నాడు నన్ను దండించువారు లేకపోయిరి.

కాళ్లు సరిచేసిన వెంటనే మీటరు సరిపోయెను, గొంతు మాత్రము సరిపోలేదు. ఇక్కడ సైన్సు మేష్టారే కొంతసేపు తలపట్టుకొనిరి. ట్రాన్సిస్టరు తక్కువగానే పుచ్చుకొనుచున్నది గదా, మరి గుంజునదెవరు? గుంజునవి మేము బేసునకు ఆధారముగా పెట్టిన ఆ రెండు రెసిస్టరులే. దూత మితాహారి, వానికి తోడుగా పంపిన బంట్లిద్దరు ఇల్లు గుల్ల చేయుచున్నారు. దానికి మందు మిక్కిలి చమత్కారమైనది. ఆ రెండింటి నడిమి చోటునుండి బేసునకు లక్ష ఓముల రెసిస్టరు నొకదానిని మార్గముగా పెట్టి, ఎమిటరునుండి నొక కెపాసిటరును ఆ నడిమిచోటికి తగిలించిరి. ఎమిటరు బేసును అనుసరించును గదా. అందుచే ఆ లక్ష ఓముల రెసిస్టరు రెండు కొనలును ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా దిగును. సమముగా నడచు ఇరువురి నడుమనున్న త్రాడు బిగియదు. త్రాడు బిగియనిచో లాగుడు లేదు. మైకుమీది భారము ఒక్కపెట్టున ఎన్నో రెట్లు తగ్గిపోయెను.

బల్లమీద పరీక్షించినపుడు గొంతు నిండుగా పలికెను. సంతోషముతో పెట్టెను గురువుగారి యింటికి కొనిపోయి రికార్డరు ప్రక్కను పెట్టి, పదునైదు మీటర్ల తీగను దానికి తగిలించితిమి. గుయ్యిమను రొద, దాని క్రింద ఎక్కడో గొంతు. మరల మొదటికి వచ్చినది! ఈ తప్పును కనుగొన్నవాడను నేనే యని కొంచెము గర్వముతో చెప్పుకొందును. "మేష్టారూ, దూతను శత్రువు కోటలో కూర్చోబెట్టి, స్వామిని అడవిలో ఒంటరిగా వదిలేశాం" అంటిని. పొడుగాటి తీగ తానే నొక కెపాసిటరువంటిది. బలహీనమైన మైకు దానిని నింపలేక సగముకంటె ఎక్కువ అందే పోగొట్టుకొనుచున్నది. పైగా దారిలోని కరెంటుతీగల రొదనంతటిని పట్టుకొనుచున్నది. బఫరు నిలువవలసినది బలవంతుని ప్రక్కను కాదు, బలహీనుని ప్రక్కను. పెట్టెను పెరటిగదిలో గురువుగారి తలాపివద్ద, మైకునకు జానెడు దూరమున పెట్టితిమి. పొడుగు తీగను పెట్టె ఆవలివైపున తగిలించితిమి. రొద అణగిపోయెను.

ఆ సాయంకాలము, మరునాటి ఉదయము వారు పద్యములు చదివిరి. మూడవపూట మాట రాలేదు. ఆ వారములోనే వారు స్వర్గస్థులైరి.

గంటసేపు పట్టు క్యాసెట్టులో నలుబదినిమిషములు మాత్రమే నిండినది. మిగిలిన భాగమున మరేమియు పట్టుటకు నాకు చేయి రాలేదు. మా మనుమడు దానిని ఈమధ్య కంప్యూటరులోని కెక్కించినాడు. పద్యమునకు పద్యమునకు నడుమ వారు ఆగి ఊపిరి తీసికొనుట, కుక్కిమంచము కిర్రుమనుట గూడ అందు వినబడును. మూడవ పద్యము ముగిసిన పిమ్మట నొకచోట, "వినబడుతోందిరా అబ్బాయీ?" అని వారడుగుదురు. వసారాలో రికార్డరువద్దనున్న నేను, "వినబడుతోందండీ" అని కేక వేసితిని; ఆ కేక కూడ దూరమునుండి సన్నగా టేపుమీద పడియున్నది.